ఆ ఖాళీలోనే ఉంది పాట

సంపాదకులు గారికి,

పోయిన ఆదివారం మీ పాఠకుడొకరు ‘ది ఎక్స్ఎక్స్’ అనే లండన్ బృందం తొలి ఆల్బమ్‌ను ‘సగం వండి దింపిన పాటలు’ అని రాశారు. అనంతపురం టవర్‌క్లాక్ దగ్గర ముప్పై ఏళ్లుగా మైకుసెట్లు అద్దెకిస్తున్నవాణ్ని, నాదీ ఒక మాట.

మా అమ్మాయి పెట్టినప్పుడు నేనూ అంతే అన్నా. స్పీకరు పోయిందేమోనని వైర్లు కూడా లాగి చూసినా! రాత్రి అంగడి షట్టరు దించినాక మళ్లీ విన్నా. గిటారు తీగ ఒకటి మోగి ఆగుతుంది. బేస్ గిటారు దాని పక్కకొచ్చి నిలబడుతుంది. ఆడగొంతూ మగగొంతూ పక్క గదిలో పసిబిడ్డ నిద్రపోతున్నట్టు పాడతాయి. వాల్యూమ్ పెంచితే ఆ మోతల మధ్య ఖాళీ చెడిపోతుంది, తగ్గిస్తేనే నిలుస్తుంది. మా వృత్తిలో ఇది తలకిందుల సంగతి.

ఈ ఆల్బమ్ 2009 ఆగస్టులో వచ్చినప్పుడు విమర్శకులు మెచ్చుకున్నారు గానీ జనం ఎగబడలేదు. నోటిమాట మీదే పాకింది. మొదటి వాద్యగీతాన్ని బీబీసీ 2010 ఎన్నికల ప్రసారాల్లో వాడుకుంది. ఆ సెప్టెంబరులో మెర్క్యురీ బహుమతి (ఏటా అక్కడ ఒక మేటి ఆల్బమ్‌కిచ్చేది) వచ్చినాకే ఆల్బమ్ బ్రిటన్ చార్టులో 3వ స్థానానికి ఎక్కింది. అక్కడివాళ్లకే ఏడాది పట్టింది. మీ పాఠకుడు ఎన్నిసార్లు విన్నారో?

చివరి పాటలు మాత్రం నాకూ ఒకే తీరుగా అనిపించినాయి. మా అమ్మాయి ఒప్పుకోదు. పెళ్లి ఊరేగింపులో ఇది పెట్టమని మాత్రం ఎవరూ అడక్కండి.

– ఒక మైకుసెట్ యజమాని, అనంతపురం