సొంత పాటలకు హాలు ఇవ్వరా?

సంపాదకుల వారికి నమస్కారం.

మన విజయవాడలో ఆడిటోరియంలు అద్దెకిచ్చే పద్ధతి గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. నాటకానికో రేటు, శాస్త్రీయ సంగీతానికో రేటు పెట్టారు, బాగుంది. ఆ రెండూ కానిదాన్నంతా ‘ఆర్కెస్ట్రా, డీజే’ అని ఒకే గాటన కట్టేసి కమర్షియల్ రేటు వేసే హాళ్లున్నాయి. సినిమా పాటలు పాడే బృందమైనా, పెళ్లి ఊరేగింపు డీజే అయినా, సొంతంగా పాటలు రాసుకుని బాణీలు కట్టుకున్నవాళ్లయినా అక్కడ ఒకటే. దాంతో మన ఊళ్లో తయారైన ఒక తెలుగు ఆల్బమ్‌ను మన ఊళ్లో ఒక్కసారి మొత్తం వినిపించడానికి చోటు దొరక్కుండా పోయింది.

నాది మైక్‌సెట్ వ్యాపారం. హరికథలు, పెళ్లిళ్లు, ఎన్నికల మీటింగులు, గుళ్లో ధనుర్మాసం పాటలు, అన్నిటికీ బాక్సులు కట్టాను. ఏ హాల్లో గొంతు గోడకు తగిలి తిరిగొస్తుందో, ఏ స్టేజి మీద ఎర్తింగ్ సరిగా లేదో నాకు తెలుసు. నేను చెప్పబోయే నలుగురు కుర్రాళ్లు నా గోడౌన్‌లో, బాక్సుల మధ్యనే రిహార్సల్స్ చేసుకున్నారు. బ్యాండ్ పేరు, ఆల్బమ్ పేరు రాయడం లేదు. రాస్తే ఈయన ప్రచారానికి దిగాడంటారు. వాళ్లు వాయించేదాన్ని ఆల్టర్నేటివ్ ప్రోగ్రెసివ్ రాక్ అంటారట. ఆ గొడవ నాకెందుకులెండి, విన్నది మాత్రం చెప్పగలను.

ఇది వాళ్ల మొదటి ఆల్బమ్. ఎనిమిది పాటలు, ముప్పావు గంట పైచిలుకు. అన్నీ కలిపి ఒకే కథ. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మన సింగ్‌నగర్ ఇళ్లలోకి వచ్చిన దగ్గర్నుంచి బురద కడుక్కునే దాకా, మేడ మీద చిక్కుకుపోయిన ఒక కుటుంబం కథ. కుర్రాళ్లలో ఇద్దరిది ఆ ప్రాంతమే. మొదటి పాట ఫ్రిజ్ మోతతో మొదలవుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కదా, అంటే సెకనుకు యాభైసార్లు ఊగుతుంది, ఎర్తింగ్ తేడా వస్తే స్పీకర్లు కూడా అదే లెక్కలో గుయ్యిమంటాయి. ఆ హమ్మును తరిమేయడానికే మా మైకువాళ్ల జీవితం సగం అయిపోతుంది. వీళ్లు దాన్నే శ్రుతిగా పెట్టుకున్నారు! బేస్ గిటార్ ఆ మోతను పట్టుకునే నడుస్తుంది. పాట సగంలో మోత టక్కున ఆగిపోతుంది. కరెంటు పోయింది. ఆ తర్వాత ఆరు పాటల్లో ఆ శ్రుతి ఎక్కడా వినపడదు. ఫైరింజన్లు వచ్చి ఇళ్లు కడిగే చివరి పాటలో ఎవరో మెయిన్ వేసిన చప్పుడు, వెంటనే మళ్లీ అదే మోత. అది విని మా కుర్రాడు, కేబుళ్లు చుట్టేవాడు, చేతిలో పని ఆపేసి నిలబడిపోయాడు. వాళ్ల అమ్మావాళ్లు ఉండేది ఆ వరదలోనే మునిగిన పాయకాపురంలో.

రెండో పాట ఏడు మాత్రల్లో నడుస్తుంది. నీళ్లు ఎక్కుతుంటే ఇంటి పెద్దాయన మెట్లు లెక్కపెట్టడమే ఆ పాట. డ్రమ్స్ అబ్బాయి ఘంటసాల పేరిట ఉన్న మన ప్రభుత్వ సంగీత కళాశాలలో మృదంగం నేర్చుకున్నవాడు. ‘తకిట తకధిమి’ అని నోట్లో అనుకుంటూ కొడతాడు, అచ్చంగా మన మిశ్రచాపు తాళం. ఒక్కో మెట్టు మునిగినప్పుడల్లా ఒక దెబ్బ కొట్టకుండా వదిలేస్తాడు. వింటుంటే చీకట్లో మెట్టు తప్పినట్టే ఉంటుంది. ఆరో పాట బుడమేరు డైవర్షన్ కాల్వ గండ్లు పూడ్చడం మీద. మూడు గండ్లకు మూడు గొంతులు, ఒక్కొక్కటే ఆగిపోతాయి.

అన్నీ బాగున్నాయని నేననను. ఐదో పాటలో గిటార్ సోలో ఎంతకీ తెమలదు. ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చిందన్న వార్తను అందులో పెట్టారు గానీ ఆ హోరులో మాట సగం వినపడి చావదు. పాడే అబ్బాయికి ‘ళ’ పలకదు. వరద మీద ఆల్బమ్ చేసి నీళ్లను నీల్లంటే ఎలారా అని కేకలేశాను. ‘రికార్డింగ్ అయిపోయింది బాబాయ్, స్టేజి మీద సరిచేస్తా’ అన్నాడు. ఆ స్టేజి దొరకాలిగా.

ఏ హాలో రాయను, ఒకరిని బజారుకీడ్చడం నా ఉద్దేశం కాదు. బుకింగ్ దగ్గరికి నేనూ వెళ్లాను.

‘క్లాసికలా, ఆర్కెస్ట్రానా?’ అని అడిగారు.

‘రెండూ కాదండీ, సొంత పాటలు.’

‘సినిమా పాటలు పాడరా? మరి జనం ఎందుకొస్తారండీ?’

ఆయన వెటకారంగా ఏమీ అనలేదు, నిజంగానే అడిగారు. దరఖాస్తులో మూడో గడి లేదు కాబట్టి ఆర్కెస్ట్రా అని టిక్కు పెట్టారు. దాంతో అద్దె కుర్రాళ్లు అనుకున్నదానికి మూడింతలు. పైగా సౌండ్ ఎక్కువని పోలీసు కాగితం తెమ్మన్నారు. టికెట్ పెడితే జీఎస్టీ నంబరు చూపించమన్నారు.

సంగీత కార్యక్రమానికి టికెట్ మనిషికి 500 రూపాయలు మించకపోతే జీఎస్టీయే లేదు. వీళ్లు పెడదామనుకున్నది 150. ఇక సౌండ్ అంటారా, 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకులు వద్దన్నాయి. తలుపులు మూసిన ఆడిటోరియంలకు, కమ్యూనిటీ హాళ్లకు, లోపలివాళ్ల కోసం పెట్టుకునేదాన్ని ఆ నిబంధనలే మినహాయించాయి. వీళ్లు అడిగింది సాయంత్రం ఆరున్నరకు, ఏసీ హాలు, గంట కార్యక్రమం. అదే వీధిలో ట్రాక్టర్ మీద బాక్సులు పేర్చుకుని డీజే ఊరేగింపు వెళ్తే కిటికీ అద్దాలు గడగడలాడతాయి. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్ అన్న రూలు ఆ ట్రాక్టర్‌కు గుర్తుండదు. ఆ బాక్సులు అద్దెకిచ్చే వ్యాపారంలో ఉన్నవాణ్ణి నేను, దేని మోత ఎంతో మీటర్ పెట్టకుండా చెప్పగలను.

ఆ హాలు కమిటీలో ఒక పెద్దాయన ‘ఇది మన సంప్రదాయం కాదు కదా’ అన్నారు. గిటార్ మనది కాదు, ఒప్పుకుంటాను. మరి వయొలిన్ మనదా? ఒక కథను పాటల వరసగా కట్టి మొదటి నుంచి చివరిదాకా కూర్చోబెట్టి వినిపించడం మన జిల్లాలవాళ్లకు ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. కూచిపూడి భామాకలాపం అదే కదా. ఇక్కడికి దగ్గర్లోని కాజ ఊరివాడని చెప్పుకునే నారాయణ తీర్థులు కృష్ణలీలలను పన్నెండు తరంగాలుగా కట్టారు. 1948లో మొదలైన మన ఆకాశవాణి విజయవాడ కేంద్రంలో బాలాంత్రపు రజనీకాంతరావు గారి లాంటివాళ్లు సంగీత రూపకాలు చేశారు. కొత్త కథకు కొత్త బాణీలు కట్టించి వినిపిస్తే జనం రేడియో దగ్గర కూర్చుని విన్నారు.

ఇంగ్లీషు వాళ్లలో పింక్ ఫ్లాయిడ్ అనే బ్యాండ్ 1973లో తెచ్చిన ఆల్బమ్‌ను ఇప్పటికీ మొత్తంగానే వింటారు. అమెరికాలో ది మార్స్ వోల్టా అనే బ్యాండ్ 2003లో వేసిన తొలి ఆల్బమే కోమాలోకి వెళ్లిన మనిషి కథ. దానికి ప్రేరణ చనిపోయిన తమ స్నేహితుడు. కేరళ బ్యాండ్ అవియల్ 2008లో మొదటి ఆల్బమ్‌ను మలయాళంలోనే చేసింది. ఇవన్నీ కుర్రాళ్లు వినిపించినవే, నాకు అవియల్ నచ్చింది. మలయాళంలో రాక్ నడిచినప్పుడు తెలుగులో నడవదని ఎవరన్నారు?

హాళ్లవాళ్ల భయం ఉత్తదేమీ కాదు. కుర్రకారు కుర్చీలెక్కి ఎగిరితే విరిగేది వాళ్ల సొమ్మే, స్టేజి కనెక్షన్ మీద ఎక్కువ లోడు పడితే ఫ్యూజులు పోతాయి. అందుకే డిపాజిట్ కట్టించుకోండి, డ్యామేజీ జరిగితే పట్టుకోండి, జనరేటర్ విడిగా తెచ్చుకోమనండి. ఎవరూ కాదనరు. అడిగేది ఒక్కటే: దరఖాస్తులో సొంత పాటల కార్యక్రమానికి విడిగా ఒక గడి, నాటకానికి ఇచ్చే రేటే దానికీ. శని, ఆదివారాలు పెళ్లి రిసెప్షన్లకు ఇచ్చుకోండి. సోమవారం నుంచి గురువారం దాకా చాలా సాయంత్రాలు తాళాలు వేసే ఉంటాయి కదా, ఆ రోజుల్లో ఇవ్వండి. నగరపాలక సంస్థ ముందుగా తన హాళ్లలో ఈ మార్పు తెస్తే ప్రైవేటు కమిటీలు కూడా ఆలోచిస్తాయి.

మీ పత్రికకు కూడా ఒక మాట. సినిమా ఫంక్షన్ జరిగితే జిల్లా పేజీలో సగం ఫొటోలే వేస్తారు. ఇక్కడి పిల్లలు ఇక్కడి వరద మీద చేసిన పాటలకు ఒక్క కాలమ్ ఇవ్వండి. మీ విలేకరి వచ్చి విని, బాగాలేదని రాసినా సరే.

కుర్రాళ్లు వచ్చే నెల మళ్లీ దరఖాస్తు పెడుతున్నారు. ఏ హాలు ఒప్పుకున్నా సౌండ్ సిస్టమ్ నాదే, అద్దె తీసుకోను. డెసిబెల్ మీటర్‌ను మేనేజరు గారి బల్ల మీదే పెడతాను. ఆయన గీసిన గీత దాటితే మిక్సర్ దగ్గర నేనే తగ్గిస్తాను.

ఇట్లు,
ఒక మైక్‌సెట్ యజమాని,
సత్యనారాయణపురం, విజయవాడ.