ఆ తెల్లమాత్ర సంగతి

చిరంజీవి వాసుకి,

అమ్మ దీవెనలు. ఇక్కడ అందరం బాగున్నాం. అందరం అంటే నేనూ, నల్లపిల్లీ. పనస ఈసారి విరగకాసింది, కోసే మనిషే దొరకడం లేదు. వంటింటి వైపు పెంకులు మార్పించాను. కాంతం పిన్ని వచ్చి రెండు రోజులుండి వెళ్లింది. పద్మ వాళ్ల గృహప్రవేశంలో నువ్వు బొబ్బట్టు విస్తట్లో పక్కకు నెట్టేశావనీ, చేతులు కడుక్కునే దగ్గర ఏదో మాత్ర వేసుకున్నావనీ మాటల్లో అంది. పొడుగ్గా, తెల్లగా ఉందట. నేనేమీ అడగడం లేదు. బొబ్బట్టంటే నీకు ప్రాణం కదా, అందుకని రాశాను.

నువ్వు ఫోన్ చేసి పదిహేను రోజులైంది. నైట్ షిఫ్టులని తెలుసులే.

మొన్న అటక సర్దుతుంటే, నర్సుగా ఉన్నప్పుడు వార్డులో రాసుకున్న పాత నోటుబుక్ దొరికింది. రైసుమిల్లు గుమాస్తా ఒకాయన ఉండేవాడు. డిశ్చార్జి రోజున పెన్నులా ఉండే ఇంజెక్షన్‌తో ఇన్సులిన్ చేసుకోవడం పావుగంట సేపు చెప్పాను. సూది బిగించాక రెండు యూనిట్లు బయటికి వదిలి చూడాలి, బొడ్డుకు కాస్త ఎడంగా పొట్ట మీద రోజుకో చోట గుచ్చాలి, పది లెక్కపెట్టాకే తీయాలి అని. అన్నింటికీ "అలాగేనమ్మా" అన్నాడు. నెల తిరక్కుండా మళ్లీ వచ్చాడు. షుగర్ 430. డాక్టరుగారు డోసు పెంచారు. ఒక్కపూట కూడా మానలేదని వాళ్లావిడ ఒకటే ఏడుపు. నాకెందుకో తోచి, నా ఎదురుగా చేసుకోమన్నాను. పెద్ద మూత తీశాడు. సూది మీద ఇంకో చిన్న మూత ఉంటుంది, అది తీయలేదు. అలాగే పొట్టకు ఆనించి, గుండీ నొక్కి, కళ్లు మూసుకుని పది లెక్కపెట్టాడు. మందంతా పంచె మీదికి కారింది. "అసలు నొప్పే ఉండదమ్మా, భలే సూది" అన్నాడు. పరుగెత్తి డాక్టరుగారికి చెప్పి పాత డోసే రాయించాను. పెంచిన డోసు మూత తీసి చేసుకుని ఉంటే షుగర్ దబ్బున పడిపోయేది. తప్పు ఆయనది కాదు, నాది. ఆ తర్వాత ఏ పేషెంటునూ "అర్థమైందా" అని అడగలేదు, చేసి చూపించమనే అన్నాను.

ఇదంతా ఎందుకు రాశానో! నీకు ఇన్సులిన్ అని కాదు. అది షుగర్‌కిచ్చే మెట్‌ఫార్మిన్ మాత్ర అయితే అన్నం తిన్నాకే వేసుకో. మొదట్లో కడుపులో తిప్పుతుంది, నీ అంతట నువ్వు మానేయకు, డాక్టరుకు చెప్పు. షుగర్‌ని మరీ దించేయగల గ్లిమిపిరైడ్ మాత్ర కూడా కలిపి రాస్తే మాత్రం తిండి ఎగ్గొట్టడానికి వీల్లేదు. చెమటలు పట్టి చేతులు వణికితే మిషన్‌లో షుగర్ చూసుకో. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంట ఆగి మళ్లీ చూసుకో. వేలికి గుచ్చేటప్పుడు కొసన వద్దు, పక్కన గుచ్చు. రోజంతా కీబోర్డు కొట్టే వేళ్లు. ఇంతకీ మూడు నెలల సగటు షుగర్ చెప్పే టెస్ట్ ఎంతొచ్చింది? ఆరున్నర దాటిందా? చూశావా, అడగనంటూనే అడిగేశాను.

మీ నాన్నగారి బొటనవేలు తలుచుకునే దాస్తున్నావని నాకు తెలుసు. షుగర్‌తో కాళ్లు మొద్దుబారి, చెప్పులోంచి మేకు దిగితే ఆయనకు తెలియనే లేదు. మూడు రోజులు దానితోనే తిరిగారు, ఇంట్లో నర్సుని పెట్టుకుని. నేను ఊళ్లోవాళ్ల కాళ్లన్నీ చూశానురా, ఆ మూడు రోజులూ ఆయనవి చూడలేదు. నువ్వు పడుకునే ముందు అరికాళ్ల కింద అద్దం పెట్టి చూసుకో. గుళ్లో ఎండకు కాలిన బండల మీద నడవకు.

ఆదివారం వీడియో కాల్ చెయ్యి. బాగున్నానని చెప్పొద్దు, మాత్రల అట్ట కెమెరా ముందు పెట్టు. స్వాతిని కూడా పక్కన కూర్చోబెట్టు, ఆ పిల్లకైనా చెప్పావో లేదో. కాగితం మీద రెండు పాదాలూ గీయించి పంపు, షుగర్ ఉన్నవాళ్లు వేసుకునే మెత్తటి రబ్బరు ఎం.సి.ఆర్. చెప్పులు కుట్టిస్తాను. పొద్దున కాదు, సాయంత్రం గీయించు. అప్పటికి పాదం కాస్త ఉబ్బుతుంది, లేకపోతే చెప్పు బిగుతవుతుంది.

మీ అమ్మ