గ్యాస్ మన నేలది, బంకులో మాత్రం నిండుకుంటోంది

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో సీఎన్‌జీ (ఒత్తి నింపే సహజవాయువు) బంకుల దగ్గర ఆటోల బారుల గురించి ఫొటోతో సహా వేశారు, సంతోషం. కానీ అందులో ఒక అధికారి 'ఇంత డిమాండ్ ఉంటుందని ఊహించలేదు' అన్నమాట చదివినప్పటి నుంచీ ఒళ్లు మండిపోతోంది. ఊహించడమేంటండీ? ఆటోకి రిజిస్ట్రేషన్ చేసేది ప్రభుత్వమే, పర్మిట్ ఇచ్చేదీ, ఆర్‌సీలో ఫ్యూయల్ అన్నచోట సీఎన్‌జీ అని రాసేదీ ప్రభుత్వమే. నెలకి ఎన్ని గ్యాస్ బళ్లు రోడ్డెక్కుతున్నాయో వాళ్ల కంప్యూటర్లోనే ఉంటుంది కదా, చూసుకోవడానికి ఏమైంది?

గ్యాస్ బండి మంచిదే. నేను డీజిల్ ఆటో కూడా తోలాను కాబట్టి తేడా తెలుసు. కిలో గ్యాస్ ఇంచుమించు లీటరున్నర పెట్రోలు పని చేస్తుంది. ఇంజిన్ ఆయిల్ తొందరగా నల్లబడదు, వెనక పొగ రాదు, స్కూలు పిల్లలని ఎక్కించుకున్నప్పుడు ఆ గడగడ లేదు. సిలిండర్ పేలుతుందేమోనని ఇంకా భయపడేవాళ్లున్నారు. ఇది గాలికన్నా తేలిక, లీకైనా పైకి పోతుంది, వంటగ్యాస్‌లా కింద పేరుకోదు. మూడేళ్లకోసారి సిలిండర్‌కి హైడ్రో టెస్ట్ (నీళ్లు నింపి ప్రెషర్ తట్టుకుంటుందో లేదో చూడడం) చేయించాలన్నది రూలు, చేయిస్తాం, కానీ ఎక్కడ చేస్తారని అడిగితే ఒక్కో చోట ఒక్కో మాట.

అసలు బాధ బంకు దగ్గర. మేం వెళ్లే బంకుకి పైపులైను లేదు, లారీ మీద సిలిండర్లలో గ్యాస్ వస్తుంది. లారీ వచ్చిన కొత్తలో ప్రెషర్ ముల్లు 200 దాకా ఎక్కుతుంది. కొన్ని బళ్లకి కొట్టేసరికి లారీలోనే ప్రెషర్ పడిపోతుంది, ఇక వెనక ఉన్నవాళ్లకి 120 దగ్గరే ముల్లు ఆగిపోతుంది, 'ఎక్కట్లేదన్నా' అని కుర్రాడు పైపు పీకేస్తాడు. వాడి తప్పేం లేదు, ప్రెషర్ పెంచే కంప్రెసర్ అక్కడ లేకపోతే వాడేం చేస్తాడు? ఆ సగం గ్యాస్‌తో సాయంత్రానికి మళ్లీ అదే లైన్లో నిలబడాలి. స్కూలు ట్రిప్పు పోతుంది, స్టేషన్ కిరాయి పోతుంది, ఫైనాన్స్ వాడి కిస్తీ మాత్రం ఆగదు.

ఇంతకీ ఈ గ్యాస్ ఎక్కడిది? మన గోదావరి గడ్డదే, దానికోసం కష్టాలు పడిందీ మనమే. 1995 జనవరిలో కోనసీమలోని పాశర్లపూడిలో గ్యాస్ బావి పేలి 65 రోజులు మంటలు ఆరలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున అదే కోనసీమలో నగరం అనే ఊళ్లో తుప్పుపట్టిన గ్యాస్ పైపు లీకై మంటలంటుకుని ఇరవై మందికి పైగా చచ్చిపోయారు. మా అత్తగారిది ఆ పక్క ఊరే, కాలిపోయిన కొబ్బరిచెట్లు నేను కళ్లారా చూశాను. 2009లో మన తీరం దగ్గర సముద్రంలోని డీ6 అనే బ్లాకు నుంచి గ్యాస్ మొదలయ్యేనాటికి కాకినాడ దగ్గరి గాడిమొగ నుంచి గుజరాత్‌లోని భరూచ్ దాకా దాదాపు 1,400 కిలోమీటర్ల పైపు వేయగలిగారు. వేరే రాష్ట్రానికి గ్యాస్ ఇవ్వొద్దని నేను అనను. అంత దూరం వేసినవాళ్లకి గోదావరి జిల్లాల్లో ఊరి బంకు దాకా నాలుగు కిలోమీటర్లు వేయడం ఎందుకు కాదు?

ఢిల్లీలో గ్యాస్ బావి ఒక్కటీ లేదు. 1998లో సుప్రీంకోర్టు గట్టిగా చెబితే 2002 ఆఖరుకి సిటీ బస్సులన్నీ సీఎన్‌జీకి మారాయి. మన దగ్గర ఆర్టీసీ బస్సులు ఎన్ని మారాయో కాంప్లెక్స్ ముందు పది నిమిషాలు నిలబడితే ఎవరికైనా తెలుస్తుంది. పైగా 2017లో జీఎస్టీ తెచ్చినప్పుడు సహజవాయువుని బయటే ఉంచేశారు, ఇప్పటికీ రాష్ట్రాలు వ్యాట్ వేసుకుంటున్నాయి. 2030కి దేశ ఇంధనంలో గ్యాస్ వాటా 15 శాతం చేస్తామని మీటింగుల్లో చెబుతూ ఇంకోపక్క ఇదీ వరస. రోడ్లైనా, తాగునీళ్లైనా, ఏదైనా ఇంతే, ముందు జనాన్ని దింపేస్తారు, ఏర్పాట్లు తర్వాత చూద్దామంటారు. ఆ తర్వాత అనేది మాత్రం రాదు.

పైపులైనుకి అనుమతులు, టెండర్లు, టైం పడుతుందంటే సరే, ఒప్పుకుంటాం. లైను వచ్చేదాకా ప్రతి బంకులో కంప్రెసర్ పెట్టించాలి, రోజుకి ఇంకో లారీ పంపించాలి. గ్యాస్ లారీ ఎన్ని గంటలకొస్తుందో బంకు ముందు బోర్డు మీద రాయించడానికైతే ఎవరి అనుమతీ అక్కర్లేదు. అదైనా ఈ వారంలో చేయించమని ఆ అధికారిని మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను.

– ఒక ఆటో డ్రైవర్, రాజమహేంద్రవరం