వార్షిక నివేదిక: ఈ ఏడాది మన సంఘం, మద్రాసు టౌన్‌హాలు

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, ఆదివారం తెలుగు తరగతులు, కార్తీక వనభోజనం ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదువుతారు. నేను మాత్రం ఎక్కువగా విక్టోరియా పబ్లిక్ హాలు గురించే చెబుతాను. ఈ ఏడాది మన పనిలో సగం దాని చుట్టూనే తిరిగింది.

సెంట్రల్ స్టేషన్ దగ్గర, రిపన్ భవనం పక్కన ఉన్న ఎర్ర ఇటుకల హాలు అందరికీ తెలిసిందే. బస్సులో ఎన్నిసార్లు దాటిపోయామో! అదే ఈ ఊరి టౌన్‌హాలని, దానికి శంకుస్థాపన చేసింది విజయనగరం మహారాజా ఆనందగజపతిరాజు అని మనలో చాలామందికి తెలియదు. నాకూ తెలియదు. అది 1883 నాటి మాట. ప్లాను గీసినవారు రాబర్ట్ చిజమ్ దొర. కట్టిన కాంట్రాక్టరు తాటికొండ నంబెరుమాళ్ శెట్టి. ఇంటిపేరు వింటే ఇంకేం చెప్పాలి? విక్టోరియా రాణి గద్దెనెక్కి 50 ఏళ్లయిన సందర్భంలో హాలుకు ఆమె పేరు పెట్టారు.

వర్షాలు వెనకబట్టాక ఒక ఆదివారం పొద్దున పిల్లలను, పెద్దలను తీసుకెళ్లి హాలును బయటినుంచి చూపించాం. వ్యాను గంట ఆలస్యంగా వచ్చింది. ఆ టెన్షన్ నాది, కార్యదర్శి గారిది. ఎండెక్కినా పెద్దలెవరూ విసుక్కోలేదు.

అక్కడ చెప్పిన సంగతుల్లో అందరినీ కదిలించింది నాటకాల కథ. బళ్లారి నుంచి ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారి బృందం వచ్చి మద్రాసులో తెలుగు నాటకాలాడింది. అవి చూసిన తమిళ కుర్రవాడు పమ్మల్ సంబంధ మొదలియారు మనమూ ఇలా ఆడాలనుకుని, స్నేహితులతో కలిసి 1891లో సుగుణ విలాస సభ పెట్టాడు. తర్వాత ఆ సభ ఈ హాల్లోనే ఏళ్ల తరబడి నాటకాలు వేసింది. ఆచార్యులు గారి మేనల్లుడు బళ్లారి రాఘవ కూడా ఆ సభలో వేషాలు కట్టాడు. తమిళ నాటకానికి తెలుగు నాటకం దారి చూపిందని గొప్పలు చెప్పుకోవడానికి కాదు. రెండు భాషలవాళ్లూ ఒకే హాల్లో ఒకరి నాటకం ఒకరు చూసుకున్న రోజులవి. నాకు నచ్చింది అదే.

విదేశాల నుంచి తిరిగొచ్చిన వివేకానందుడు 1897 ఫిబ్రవరిలో ఇక్కడే ప్రసంగించాడు. ఇక మచిలీపట్నం నుంచి వచ్చిన ఫోటోగ్రాఫర్ రఘుపతి వెంకయ్య గారు స్టూడియో తాకట్టు పెట్టి క్రోనోమెగాఫోన్ అనే సినిమా యంత్రం తెప్పించి, బొమ్మకు గ్రామఫోను పాట జోడించి 1910 ప్రాంతంలో ఈ హాల్లో ఆడించారు. 1914లో ఆయన కట్టిన గెయిటీ టాకీసు కథ వేరే చెప్పుకోవాలి. "అప్పుడు టికెట్ ఎంత?" అని ఒక పిల్లాడు అడిగాడు. ఎవరికీ తెలియదు.

అందుకే వచ్చే ఏడాదికి ఒక పని పెట్టుకున్నాం. మీ ఇళ్లలో, అటక మీది ట్రంకు పెట్టెల్లో తాతల నాటి నాటకాల టికెట్లు, కరపత్రాలు, ఫోటోలు ఉంటే సంక్రాంతిలోపు తెచ్చి చూపించండి. అసలు కాగితం మాకు వద్దు. అక్కడికక్కడే ఫోటో తీసుకుని మీది మీకు ఇచ్చేస్తాం.

ఇట్లు,
అధ్యక్షుడు