వార్షిక నివేదిక: కంచు కుటుంబాన్ని చూసొచ్చిన ఏడాది

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, దీపావళి, సంక్రాంతి ఎప్పటిలాగే బాగా జరిగాయి. తెలుగు బడి ఆదివారాలు ఆగకుండా నడిచింది. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా పంపారు. నేను ఈసారి జూలైలో వెళ్లిన పెర్రీ గ్రీన్ యాత్ర గురించే వివరంగా రాస్తున్నాను.

ఆ ఊరు మన హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోనే ఉన్నా మనలో చాలామందికి తెలియదు. లండన్ మీద బాంబులు పడుతున్న 1940లో శిల్పి హెన్రీ మూర్ అక్కడికి వచ్చేశారు. 1986లో కన్నుమూసేదాకా అదే ఆయన ఇల్లు. ఆ ఇంటి తోటలో మనవాళ్లు ఎక్కువసేపు ఆగింది 'ఫ్యామిలీ గ్రూప్' అనే ఆయన కంచు శిల్పం ముందు.

అమ్మానాన్నా ఒకే బల్ల మీద కూర్చుని ఉంటారు. మధ్యలో బిడ్డ. ఎత్తు అయిదడుగులే. ముఖాలు చాలా సాదాగా ఉంటాయి కాబట్టి చూపు నేరుగా చేతుల మీదికి పోతుంది. ఇద్దరి చేతులూ బిడ్డ దగ్గర ముడివేసుకున్నట్టు ఉంటాయి. రాజమండ్రి నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడ మనవణ్ణి ఒళ్లో పెట్టుకుని ఎదుటి గడ్డి మీద కూర్చుండిపోయారు. ఇది సోమాస్కందమూర్తిలా ఉందని మొదట అన్నది ఆవిడే. నిజమే, చోళుల కంచు విగ్రహాల్లోనూ శివపార్వతులు ఒకే పీఠం మీద ఉంటారు, నడుమ బాలస్కందుడు. ఆ మాట విన్నాక పిల్లలు శిల్పాన్ని మళ్లీ చుట్టూ తిరిగి చూశారు.

ఇది 1948–49 నాటి పని. మూర్ గని కార్మికుడి కొడుకు, ఎనిమిది మంది పిల్లల్లో ఏడోవాడు. పెళ్లయిన దాదాపు 17 ఏళ్లకు, 1946లో, కూతురు మేరీ పుట్టింది. కుటుంబం బొమ్మల ఆలోచన అంతకుముందే ఉంది. ఒక పల్లె కళాశాల కోసం మొదలైన ఆ ప్రయత్నం డబ్బు లేక ఆగిపోయింది. యుద్ధం అయ్యాక స్టీవనేజ్‌లోని బార్‌క్లే పాఠశాల కోసం దీన్ని చేశారు. ఇదే శిల్పానికి పోసిన కంచు ప్రతులు లండన్ టేట్, న్యూయార్క్ మోమా మ్యూజియాల్లో కూడా ఉన్నాయి. అంత పేరున్న శిల్పం బడిపిల్లల కోసం పుట్టిందని తెలిసి నాకు ఎంతో ఆనందమేసింది.

ఒక్క లోటు జరిగింది. మోకాళ్ల నొప్పులున్న ఇద్దరు పెద్దలు బస్సు మెట్లు ఎక్కలేక ఇంటికి తిరిగి వెళ్లారు. వారికి క్షమాపణలు. వచ్చే ఏడాదికి వీల్‌చైర్ ఎక్కే బస్సు మాట్లాడాలని కార్యవర్గం అనుకుంటోంది. అద్దె కొంత ఎక్కువవుతుంది, సర్వసభ్య సమావేశంలో మీ ఆమోదం కోరుతున్నాం.

ఇట్లు,
కార్యదర్శి