మా రోబోను విడిపించండి: కేంద్ర మంత్రిగారికి బహిరంగ లేఖ

ఆటబొమ్మల నాణ్యత ఉత్తర్వును చూసే కేంద్ర మంత్రిగారికి, ప్రొద్దుటూరు నుంచి నమస్కారాలతో,

విషయం: పెద్దవాళ్లు దాచుకోవడానికి తెప్పించుకునే సైన్స్ ఫిక్షన్ బొమ్మలను పిల్లల ఆటబొమ్మల కింద లెక్కగట్టి ఆపేయడం గురించి.

అయ్యా,

అర్జీల మీద అర్జీలు పెట్టి, ఇక ఎవరికి చెప్పుకోవాలో తోచక నేరుగా మీకే రాస్తున్నాను. మామూలుగా అయితే మీ దాకా రావాల్సిన పని కాదు. ఒక్క బొమ్మ సంగతి. కానీ కింద ఎవరూ జవాబు చెప్పడం లేదు. పోస్టులో పంపిన ఉత్తరాలు అందినట్టు సంతకంతో సహా రుజువు వస్తోంది, ఉత్తరానికి బదులు మాత్రం రావడం లేదు. ఆన్‌లైన్‌లో పెట్టిన ఫిర్యాదును 'పరిష్కారమైంది' అని మూసేశారు. ఏం పరిష్కారమైందో రాయలేదు. బొమ్మ ఇంకా కస్టమ్స్ గోదాములోనే ఉంది.

నేను నగల పనివాణ్ణి. పగలంతా మైనం నమూనాలు చెక్కడం, పోత పోయడం, ఆకురాయి పట్టడం. ఈ పనిలో కూలి ఎట్లా ఉంటుందో ప్రొద్దుటూరు పేరు విన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. పెళ్లిళ్ల సీజన్లో చేతినిండా పని, ఆషాఢం వస్తే ఖాళీ. అలవాట్లేమీ లేవు నాకు. ఉన్నదల్లా ఈ బొమ్మల పిచ్చి. రోబోలు, అంతరిక్ష నౌకలు, గ్రహాంతరవాసులు, వాటి కార్డులు, పోస్టర్లు, పాత డబ్బాలు. అద్దాల బీరువాలో రెండు అరలు నిండాయి. మజూరీ డబ్బుల్లోంచి కొంచెం కొంచెం పక్కన పెట్టి కొన్నవే అన్నీ.

ఇప్పుడు ఆపేసింది జెయింట్ రోబో బొమ్మను. 1967-68లో జపాన్ టీవీలో వచ్చిన సీరియల్ అది. 80వ దశకంలో మన దూరదర్శన్‌లో వేశారు. ఈజిప్టు రాజు తల పెట్టుకున్న ఇనుప మనిషి, చేతి గడియారంలో మాట్లాడి వాణ్ణి నడిపించే పిల్లాడు. నా ఈడువాళ్లలో దాన్ని మరిచిపోయినవాళ్లు తక్కువ. మా వీధిలో పిల్లలందరం అగ్గిపెట్టెలు మణికట్టుకు కట్టుకుని రోబోను పిలిచినవాళ్లమే. అలాంటి బొమ్మ ఆ రోజుల్లో మా ఊర్లో ఏ కొట్లోనూ దొరకలేదు. కొనిచ్చే స్థోమత మా నాయనకు ఎట్లాగూ లేదు. ఇన్నేళ్ల తర్వాత జపాన్‌లో పాత వస్తువులమ్మే ఒకాయన దగ్గర కనిపించింది. పాత అచ్చుతో ముప్పై ఏళ్ల కిందట పోసిన సాఫ్ట్ వినైల్ (మెత్తటి ప్లాస్టిక్) బొమ్మ, జానెడు కంటే కాస్త ఎత్తు. ఫోటోలో చూస్తే భుజం దగ్గర అతుకు గీత కూడా కనపడనంత శుభ్రమైన పని. పోస్టేజీతో కలిపి ఏడు వేలు దాటింది. తెప్పించుకున్నాను.

రెండు వారాల్లో దేశంలోకి వచ్చింది. తర్వాత కస్టమ్స్ వాళ్ల నోటీసు వచ్చింది, ఇంగ్లీషులో. మా మేనల్లుడు చదివి చెప్పాడు. వస్తువు వివరాల గడిలో 'ప్లాస్టిక్ టాయ్, ఒకటి' అని రాసి ఉంది. బీఐఎస్ (ఐఎస్ఐ మార్కు ఇచ్చే భారత ప్రమాణాల సంస్థ) లైసెన్సు కాపీ పంపాలి, పంపకపోతే సరుకును నిబంధనల ప్రకారం పారవేస్తాం అని కింద ఉంది. సరుకట, మంత్రిగారూ. ఒక్క బొమ్మ.

ఫోన్ చేస్తే ఎత్తినాయన మర్యాదగానే మాట్లాడాడు. "టాయ్ అంటే ఐఎస్ఐ మార్కు ఉండాల సార్. మా చేతిలో ఏమీ లేదు" అన్నాడు. అది ముప్పై ఏళ్ల కిందటిది అన్నా. "అయితే మాత్రం, టాయే కదా" అన్నాడు. పెట్టె మీద జపాన్ భాషలో '15 ఏళ్లు పైబడినవారికి' అని అచ్చేసి ఉంది, ఫోటో పంపుతా, తర్జుమా కూడా చేయించి పంపుతా అన్నా. పంపమన్నాడు. పంపాను. అంతే, ఆ తర్వాత ఆ నంబరు ఎవరూ ఎత్తలేదు.

ఉత్తర్వు గురించి మీకు నేను చెప్పేంతటివాణ్ణి కాదు. కానీ 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ఆ ఉత్తర్వు 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకునే బొమ్మల కోసం తెచ్చింది కదా. దానికి నేను వ్యతిరేకిని కాదు. మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. 2019లో క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా వాళ్లు పరీక్షిస్తే దిగుమతి బొమ్మల్లో మూడింట రెండు వంతులు ఫెయిలయ్యాయి. సీసం కలిసిన రంగు పిల్లాడి నోట్లోకి పోకూడదు, ఊడిపోయే కన్ను గొంతులో ఇరుక్కోకూడదు. లోహాలతో, రంగులతో, యాసిడ్లతో బతికేవాణ్ణి, ఆ విషం ఎట్లాంటిదో నాకు తెలుసు. కానీ నా బొమ్మను ఏ పిల్లాడూ నోట్లో పెట్టుకోడు. నా వయసు యాభైకి దగ్గర. అది అద్దాల బీరువాలో నిలబడి ఉంటుంది.

మీరు అడిగే లైసెన్సు గురించి కూడా ఒకసారి ఆలోచించండి. అది కొనుక్కునేవాడికి ఇచ్చే కాగితం కాదు, ఫ్యాక్టరీకి ఇచ్చేది. విదేశీ తయారీదారు దరఖాస్తు పెట్టుకుంటే బీఐఎస్ వాళ్లు అక్కడికి వెళ్లి తనిఖీ చేసి, శాంపిళ్లు పరీక్షించి ఇస్తారు. ముప్పై ఏళ్ల కిందట పోసిన బొమ్మకు 2021లో వచ్చిన రూలు ప్రకారం మార్కు ఎక్కడి నుంచి వస్తుంది? ఎవరు వేస్తారు? అమెరికాలో కెన్నర్ కంపెనీ 1978లో స్టార్ వార్స్ బొమ్మలను 3.75 అంగుళాల సైజులో అరచేతిలో పట్టేట్టు తెచ్చింది. సైన్స్ ఫిక్షన్ బొమ్మలు దాచుకునేవాళ్లకు ప్రపంచమంతా పునాది అదే. ఆ కంపెనీ 1991లో హాస్‌బ్రో అనే ఇంకో బొమ్మల కంపెనీ చేతికి పోయింది, 2000లో మూతపడింది. రేపు నాలాంటివాడు ఆ 1978 బొమ్మ ఒకటి తెప్పించుకుంటే, మూతపడిన కంపెనీని లేపి దరఖాస్తు పెట్టించాలా?

ఇంకో మాట చెబుతాను, ఇది వింటే మీకే బాధ కలుగుతుంది. మన దేశంలో ఫన్‌స్కూల్ వాళ్లు హాస్‌బ్రో లైసెన్సుతో జీఐ జో అనే సైనికుల బొమ్మలు పోశారు. విదేశీ అచ్చులే అయినా మనవాళ్లు వేసిన రంగులు వేరు. ఆ రంగుల కోసమే ఇప్పుడు బయటి దేశాల కలెక్టర్లు వాటిని వెతికి వెతికి కొంటున్నారు. మన పనివాళ్ల చేతుల మీదుగా తయారై బయటికి పోయిన ఆ బొమ్మను ఒక భారతీయుడు వెనక్కి తెప్పించుకోవాలంటే, ఇదే నోటీసు వస్తుంది. దానికీ ఐఎస్ఐ మార్కు లేదు కాబట్టి.

శాంపిల్ సంగతి ఇంకా ఘోరం. వచ్చిన సరుకులోంచి ఒకటి తీసి ల్యాబ్‌కు పంపాలి, అది ఫెయిలైతే సరుకంతా తిప్పి పంపడమో ధ్వంసం చేయడమో చేయాలి అని కదా నిబంధన. కంటైనర్లో వేల బొమ్మలు తెచ్చే వ్యాపారికి అది సరే. నాకు వచ్చిందే ఒకటి. శాంపిల్ కూడా అదే. పై నుంచి కింద పడేసి చూస్తారు, చెయ్యి మెలితిప్పి చూస్తారు, లాగి చూస్తారు. పాసైనా నాకు మిగిలేది విరిగిన చెయ్యే. ఈ భయంతోనే నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదంటే ఇంట్లోవాళ్లు కూడా నమ్మడం లేదు.

ఇది చెప్పకుండా ఉండలేను. మా ఊరి దసరా మీరు వినే ఉంటారు, ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. ఆ అంగళ్లలో డూప్లికేటు రోబోలు కుప్పలు పోసి అమ్ముతారు. కవరు మీద పేరు తప్పు, తయారీదారు చిరునామా లేదు, వయసు లేదు, మార్కు లేదు. నేను ఒకటి కొని గోటితో గీరితే రంగు పొడిలా రాలింది. మోచేతి కీలు చేతికే ఊడి వచ్చింది. అవి నిజంగా మూడేళ్ల పిల్లల చేతుల్లోకి పోతున్నాయి, నిజంగా నోట్లోకి పోతున్నాయి. ఆ అంగడివాళ్ల పొట్ట కొట్టమని కాదు నేను చెప్పేది. వాళ్లు పెద్ద ఊళ్ల నుంచి హోల్‌సేల్‌లో తెచ్చుకుంటారు. ఆ హోల్‌సేల్ గోదాముల జోలికి ఎవరూ పోకుండా, బిల్లు, చిరునామా, ఆధార్ కాపీ అన్నీ ఇచ్చి నిజాయితీగా తెప్పించుకున్నవాణ్ణి పట్టుకుంటే పిల్లలకు ఏం మేలు జరిగింది?

మినహాయింపు ఇవ్వడం కుదరదని మాత్రం దయచేసి అనవద్దు. 2020 డిసెంబరులో మీరే ఇచ్చారు. హస్తకళల కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులకు, జీఐ (ఫలానా ప్రాంతానిదన్న భౌగోళిక) గుర్తింపు ఉన్న బొమ్మలకు ఈ ఉత్తర్వు వర్తించదని సవరించారు. చాలా మంచి పని. మా పక్క జిల్లా నిమ్మలకుంట తోలుబొమ్మలకు, కొండపల్లి బొమ్మలకు అదే న్యాయం. ఆ చేత్తోనే ఇంకో వాక్యం రాయలేరా? యూరప్‌లో 2009 నాటి ఆటబొమ్మల చట్టంలోనే ఉంది: 14 ఏళ్లు పైబడిన కలెక్టర్ల కోసం అని పెట్టె మీద కనపడేలా రాసి ఉంటే అది ఆటబొమ్మ కింద రాదు. పిల్లల భద్రతలో వాళ్లేమీ మనకంటే తక్కువ పట్టింపు ఉన్నవాళ్లు కాదు.

పన్ను ఎగ్గొట్టాలనుకుంటున్నానని అనుకోవద్దు. బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెంచినప్పుడు నేను నోరెత్తలేదు. దేశంలో తయారీ పెరగాలంటే భరించాలి అనుకున్నాను. ఈ రోబోకు ఏ లెక్కన పన్ను వేసినా కడతాను, జరిమానా వేసినా కడతాను. డబ్బు తీసుకుని బొమ్మ ఇవ్వమంటున్నాను.

2025 బడ్జెట్లో మన దేశాన్ని బొమ్మల తయారీకి ప్రపంచ కేంద్రంగా చేస్తామన్నారు. ఆ మాట విని నేను ఎంత సంతోషించానో. మా ఊర్లో నగల డిజైన్లు ఇప్పుడు కంప్యూటర్లో గీసి, మైనాన్ని మిషన్లో ప్రింట్ తీసి పోత పోస్తున్నారు. వెంట్రుకంత గీతను కూడా పట్టుకునే పని అది. అదే చెయ్యి, అదే మిషను, రోబో బొమ్మ అచ్చు చేయలేదా? నా దగ్గర పని నేర్చుకునే ఇద్దరు కుర్రాళ్లు సాయంత్రాలు సొంతంగా ఒక అంతరిక్ష యోధుణ్ణి చెక్కుతున్నారు. వాళ్లకు మోకాలి కీలు కుదరడం లేదు. బిగిస్తే కదలదు, వదులు చేస్తే నిలబడదు. జపాన్ వాళ్లు, అమెరికా వాళ్లు దాన్ని ఎట్లా సాధించారో బొమ్మ చేతిలో పెట్టుకుని విప్పి చూస్తే అరగంటలో అర్థమవుతుంది. వీడియోల్లో చూస్తే అర్థం కాదు. నేను నగల పని నేర్చుకున్నది కూడా మా నాయన చేసిన పాత కాసుల పేరు విప్పి మళ్లీ కట్టే. మంచి పని చూడనివ్వకుండా మంచి పని చేయమంటే ఎట్లా సార్?

కాబట్టి నా మనవి. వ్యక్తిగతంగా ఒకటి రెండు తెప్పించుకునేవాళ్లకు, పెట్టె మీద పెద్దవాళ్లకని రాసి ఉన్నవాటికి, పాతబడి తయారీ ఆగిపోయినవాటికి ఉత్తర్వు వర్తించదని స్పష్టంగా రాయండి. మౌఖికంగా కాదు, కౌంటర్లో కూర్చున్న ఉద్యోగికి చూపించడానికి వీలుగా కాగితం మీద. ఆ ఉద్యోగి మీద నాకు కోపం లేదు, కాగితం లేకుండా సంతకం పెట్టమంటే ఎవరికైనా భయమే. నోటీసులు తెలుగులో పంపండి. విచారణకు రమ్మంటే కూలి పోగొట్టుకుని రైలెక్కి ఆ గోదాము ఉన్న మహానగరానికి పోవాలి, వీడియోలోనే వినండి. ఒప్పుకోకపోతే కనీసం అమ్మినాయనకు నా ఖర్చుతో తిప్పి పంపుకునే అవకాశం ఇవ్వండి. ఆయన వెనక్కి తీసుకుంటానని ఈమెయిల్ కూడా పంపాడు, అర్జీతో జతచేశాను. చదివారో లేదో.

వీటిలో పెద్దవి చేయడానికి సమయం పడుతుందని తెలుసు. ఉత్తర్వు సవరించాలంటే ఫైళ్లు కదలాలి, నెలలు పట్టొచ్చు. నేను ఎదురుచూస్తాను. కానీ నోటీసులో ఇచ్చిన గడువు ఈ నెలాఖరుతో అయిపోతోంది. ఆ లోపల ఆ బొమ్మను పగలగొట్టవద్దని, శాంపిల్‌గా తీయవద్దని, ఉన్నచోటనే ఉంచమని ఒక్క మాట కిందికి చెప్పించండి. పార్శిల్ నంబరు, నోటీసు నంబరు మీ కార్యాలయానికి విడిగా పంపిన కాపీలో రాశాను. ముందు ఈ ఒక్కటి చేయండి సార్.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక నగల పనివాడు,
ప్రొద్దుటూరు, కడప జిల్లా