1927 అంకె లేని స్కార్ఫులు మా కొట్టులో అమ్మము

ఇండోనేషియాలోని సురబయాలో తంబక్‌సారి మైదానం దగ్గరి మా కొట్టుకు ఏళ్లుగా వస్తున్న వారందరికీ నమస్కారం. కొత్త సీజను కోసం మీరు ముందుగా డబ్బు కట్టిన మన పెర్సెబయా ఫుట్‌బాల్ జట్టు స్కార్ఫులు చెప్పిన సమయానికి అందవు. సరుకు వచ్చింది గాని, దానిని నేను అమ్మదలచుకోలేదు.

అల్లిక కార్ఖానా వారు పంపిన వాటిలో ఆకుపచ్చ రంగు సరిగానే ఉంది, మొసలి బొమ్మా చక్కగానే కుదిరింది, కానీ మేమిచ్చిన నమూనాలో పేరు పక్కన ఉన్న 1927 మాత్రం లేదు. అడిగితే, అక్షరాలు ఇరుకవుతున్నాయని తామే తీసేశామనీ, ఏడాది లేకపోయినా జట్టు జట్టేననీ అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు.

డచ్చి పాలనలో, వారి ఫుట్‌బాల్ సంఘానికి దీటుగా 1927 జూన్ 18న పాయిజో, పముజీ అనే ఇద్దరు కలిసి స్థానికుల కోసం నిలబెట్టిన సంఘమిది. 1930లో యోగ్యకర్తాలో దేశ ఫుట్‌బాల్ సమాఖ్య పీఎస్‌ఎస్‌ఐని స్థాపించిన ఏడు సంఘాలలో ఇదీ ఒకటి. అయితే మన పట్టుదలకు కారణం అంత పాతది కాదు. 2010 తర్వాత ఇదే పేరుతో మరో జట్టును లీగులో దింపినప్పుడు, అసలు జట్టు తనను పెర్సెబయా 1927 అని చెప్పుకోవలసి వచ్చింది. ఆ రెండో జట్టు పేర్లు మార్చుకుంటూ పోయి చివరికి భయంగ్కరా ఎఫ్‌సీ అయింది. మనకేమో 2017 జనవరిలో బాండుంగ్‌లో జరిగిన పీఎస్‌ఎస్‌ఐ మహాసభ దాకా అందులో సభ్యత్వం తిరిగి దక్కలేదు. (ఆ ఏడాదే రెండో శ్రేణి లీగును గెలిచి పైకి వచ్చాం, అది వేరే సంతోషం.) బేరాలు అడుగంటిన ఆ రోజుల్లోనూ రెండో జట్టు సరుకును నేను గడప దాటనివ్వలేదని మీలో చాలామందికి తెలుసు.

కార్ఖానా వారు సగం ధర తగ్గిస్తామన్నారు. ఒప్పుకుంటే నాకు నష్టమేమీ ఉండేది కాదు కనుక ఆలోచించకపోలేదు, నిద్ర కూడా పట్టలేదు. అంకెను విడిగా కుట్టిద్దామని ఇంట్లోవాళ్లు అంటే ఒకదానికి కుట్టించి చూశాను, అతుకులా కనిపించింది. మొత్తం సరుకు తిప్పి పంపేశాను.

మరో కార్ఖానాకు కొత్తగా పని అప్పగించాను, ధర పెంచను. ఆగలేని వారు రసీదు తెస్తే డబ్బు పూర్తిగా వాపసు ఇస్తాను. తిప్పి పంపిన ఆ స్కార్ఫులే రేపు ఇంకో కొట్టులో చవకగా కనిపించవచ్చు, కొనడం మీ ఇష్టం; అది మా సరుకని మాత్రం దయచేసి ఎవరికీ చెప్పకండి.